కుటుంబ ఫొటోలు పంచుకోవడానికి ఏ సేవ మంచిది?

మా ఇంటి ఫొటోలు 12,000 దాటాయి. వాటిని భద్రంగా దాచి, బంధువులకు మాత్రమే చూపించాలి. గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా వచ్చే 15 జీబీలోనే మెయిల్, డ్రైవ్ కూడా సర్దుకోవాలి, అది నాకు చాలదు. ఫ్లికర్ ఉచిత ఖాతాకు 1,000 ఫొటోలే పరిమితి. డబ్బు కట్టడానికి సిద్ధమే, కానీ ఒక భయం ఉంది. ఇదివరకు నేను వాడిన ఒక సేవ మూతపడినప్పుడు వెనక్కి దించుకున్నవన్నీ కుదించిన ఫొటోలే. నాన్నగారి పాత చిత్రాలు అసలు నాణ్యతతో మళ్లీ దొరకలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

అందుకే అసలు ఫైలును, తీసిన తేదీతో సహా, చెక్కుచెదరకుండా తిరిగి ఇచ్చే సేవ కావాలి. అమ్మ ఖాతా తెరవకుండానే ఆల్బమ్ చూడగలగాలి. పాస్‌వర్డ్ పెట్టే వీలుంటే మరీ మేలు. మీరు వాడుతున్న సేవ నుంచి మొత్తం ఫొటోలను ఎప్పుడైనా ఒకేసారి దించుకుని చూశారా? తేదీలు సరిగ్గానే వచ్చాయా?