గమ్‌బూట్ల లోపలికి ఉన్ని మేజోడు: బట్ట నేసి తొక్కించాలా, ఉన్నిని నేరుగా ఒత్తాలా?

చల్లగది సూపర్‌వైజరు (భీమవరం)

నమస్కారమండి. నేను చూసేది రొయ్యల కోల్డ్ స్టోర్. లోపల ఎప్పుడూ మైనస్ 18కి తగ్గే ఉంటుంది. కార్టన్లు పేర్చే కుర్రాళ్లు గమ్‌బూట్లేసుకుని గంటలకి గంటలు ఆ గచ్చు మీదే నిలబడాలి. బయట రోహిణి కార్తె, లోపల సైబీరియా. బూట్లలోకి ఇచ్చే సింథటిక్ తొడుగులు కొన్నాళ్లకే మడమ దగ్గర అణిగి పలచబడిపోతున్నాయి. చెమటకి వాసన సంగతి చెప్పక్కర్లేదు.

రష్యావాళ్లు ఉన్ని ఒత్తి చేసే వాలెంకీ బూట్ల గురించి చదివాక ఉన్ని మీదకి పోయింది నా మనసు. బూటు మొత్తం అక్కర్లేదు, గమ్‌బూటు లోపలికి దళసరి మేజోడు చాలు. ముతక ఉన్ని నూలుతో బట్ట నేయించి, వేడి సబ్బునీళ్లలో తొక్కించి, చిక్కబడ్డాక కత్తిరించి కుట్టిస్తే గట్టిగా ఉంటుందని నా వాదన. మా బావమరిదేమో నేత దండగంటాడు. ఉన్నిని పొరలు పరిచి ఒత్తేస్తే అదే ఫెల్ట్ అవుతుందంటాడు. తెలిసినవాళ్లు తేల్చండి.

నమ్దా శిష్యుడు (రాజమండ్రి)

మీ బావమరిదిదే న్యాయమండి. నేను కొన్నాళ్లు రాజస్థాన్‌లో టోంక్ దగ్గర నమ్దాలు, అంటే ఒత్తిన ఉన్ని పరుపులు, చేసేవాళ్ల దగ్గర పనిచేశాను.

ఉన్ని వెంట్రుక మీద పొలుసులుంటాయి, అన్నీ కొసవైపుకి వాలి. తడిసి, వేడెక్కి, నలుగుతుంటే ఆ వెంట్రుక మొదలు వైపుకి జరుగుతుంది. వెనక్కి రాబోతే పొలుసులు పట్టేస్తాయి. లక్షల వెంట్రుకలు అలా ఒకదాన్నొకటి చుట్టుకుని బిగుసుకోవడమే ఫెల్ట్. దీనికి పడుగూ పేకా ఎందుకు? నూలు వడికారంటే వెంట్రుకని పురిలో కట్టేసినట్టే. కట్టేసినదాన్ని మళ్లీ కదలమంటే ఎలాగండీ?

వాలెంకీకి కుట్టు ఉండదు. ఏకిన ఉన్నిని బూటు ఆకారంలో, కాలికంటే చాలా పెద్దగా పరిచి, వేడినీళ్లలో నలిపి నలిపి కుదించి, చెక్క అచ్చు మీదకి లాగి ఆరబెడతారు. కుట్టు లేదు కాబట్టి వేలికి ఒరుసుకునేదీ లేదు. మంచులో నడవడానికి అది సరిపోయినప్పుడు మీ కోల్డ్ స్టోర్‌కి సరిపోదా?

అచ్చూ కండే (బండారులంక)

నమ్దా నేల మీద పరిచేదండి. మేజోడు రోజుకి నాలుగుసార్లు లాగి తీసేది. తేడా అక్కడుంది. గమ్‌బూటు విప్పేటప్పుడు మడమ దగ్గర ఎంత ఈడ్పు పడుతుందో మీరే చూడండి. ఒత్తిన ఫెల్ట్ నొక్కుడికి ఆగుతుంది గానీ లాగుడికి సాగుతుంది. సాగినచోట పలచబడుతుంది, పలచబడ్డచోట చిరుగుతుంది. తొక్కించిన బట్టలో పైన వెంట్రుక చిక్కుకున్నా లోపల పడుగు పడుగ్గానే ఉంటుంది, ఈడ్పు అది తీసుకుంటుంది. ఆస్ట్రియా కొండల్లో లోడెన్ అనే కోటుబట్ట ఇలాగే చేస్తారు, ముందు నేత, తరవాత తొక్కుడు.

పురి సంగతి శిష్యుడుగారు చెప్పింది గట్టిపురి నూలుకి చెల్లుతుంది. దువ్వి, వెంట్రుకలన్నీ ఒకవైపుకి సర్ది, బిగించి వడికిన సూటుబట్ట నూలు తొందరగా చిక్కబడదు, నిజమే. ఏకి, మెత్తటి పురితో వడికిన నూలు తెమ్మనండి, చక్కగా పడుతుంది.

మా మగ్గాల మీద చీరల అచ్చుతో, అంటే పడుగు దారాలు దూర్చే దువ్వెనతో, ఈ పని అవ్వదు, ఆ సందుల్లో ఉన్ని దారం ఒరుసుకుని తెగుతుంది. ముతక అచ్చు కట్టాలి, పడుగుకి రెండుపేటల దారం కావాలి. పేకని దగ్గరికి నెట్టే పలక గట్టిగా కొట్టకూడదు. మగ్గం మీద ఉన్నప్పుడు బట్ట చూస్తే జల్లెడలాగా అవతల మనిషి కనపడాలి. అప్పుడే కుదించుకోడానికి చోటు ఉంటుంది. చిక్కగా నేస్తే తొక్కినా అంగుళం కదలదు. వెడల్పులోనూ పొడుగులోనూ మూడోవంతు దాకా పోతుందని లెక్కేసుకుని నేయాలి. పడుగుకి పెట్టిన గంజి తొక్కే ముందు పూర్తిగా వదిలించాలి, లేకపోతే వెంట్రుక కదలదు.

గొంగడి భుజం (సిద్దిపేట)

గంజి మాట వచ్చింది కాబట్టి చెప్తున్న. మా దిక్కు గొంగడికి చింతగింజల గంజి పెడ్తం. గొంగడి బిర్రుగుండేది ఎక్కువ ఆ గంజితోనే, ఫెల్ట్ అయ్యి కాదు. గందుకే గొంగడిని తెచ్చి కోసి మేజోడు కుడ్తమంటే నడువది. గంజి పోయినంక వదులైతది.

ఇగ మా నల్ల గొర్రె ఉన్ని, దక్కనీ ఉన్ని, ముతక. అందుల బిరుసు వెంట్రుక చాన ఉంటది, లోపల బోలుగ ఉంటది, అది తొందరగ చిక్కుపడది. కని అరుగుడు తక్కువ. ఒక్క దక్కనీతోనే చేస్తే గంటలకొద్ది తొక్కాలె. మెత్తటి ఉన్ని కలుపుకోండ్రి. రాజస్థాన్ల చోక్లా గొర్రె ఉన్ని అని ఉన్నది గద, అసొంటిది. మెత్తటిది పట్టుకుంటది, ముతకది నిలబడ్తది.

చల్లగది సూపర్‌వైజరు (భీమవరం)

అన్నా, మంచి మాట చెప్పారు. మా లంకల్లో మేసే గొర్రెలు పనికొస్తాయా?

గొంగడి భుజం (సిద్దిపేట)

మీ దిక్కు ఎక్కువ నెల్లూరు జాతి. పల్లా, జోడిపి, దొర, మూడు రకాలు. మూడిట్ల దేనికీ ఉన్ని రాదు, మేక లెక్క వెంట్రుకనే. మాంసానికి మేపుకోండ్రి.

లెక్కల మాస్టారు (తణుకు)

అందరూ ఎలా చేయాలో చెబుతున్నారు, ఎందుకు చేయాలో ఎవరూ అడగరేం? ముళ్లసూదులతో గుచ్చి చేసిన పాలిస్టర్ ఫెల్ట్ మీటర్ల లెక్కన దొరుకుతుంది. తడిసినా తొందరగా ఆరుతుంది, చిమ్మట కొట్టదు. మన గోదావరి జిల్లాల్లో శ్రావణం నుంచి కార్తీకం దాకా తువ్వాలే ఆరదు, అర అంగుళం ఉన్ని ఎక్కడ ఆరబెడతారు?

ఇంకో మాట. ఎగుమతి ప్లాంటులో ఒంటి మీదవన్నీ రోజూ వేడినీళ్లలో ఉతకాలి. ఉన్ని మేజోడు ఉతికిన ప్రతిసారీ ఇంకాస్త కుదించుకుపోతుంది. పదో నంబరు కాలికి కొన్నది నెల తిరిగేసరికి ఆరో నంబరు పిల్లాడికి సరిపోతుంది. దీనికి జవాబు చెప్పాక నేతా ఒత్తుడా అని తన్నుకోండి.

చల్లగది సూపర్‌వైజరు (భీమవరం)

మాస్టారూ, ప్రాసెసింగ్ హాలుకి నేను అడగట్లేదండి. అక్కడ నేలంతా నీళ్లూ ఐసూ, పైగా సరుకు మీద ఒక్క పోగు పడ్డా గొడవ. అక్కడికి ఉన్ని వద్దే వద్దు. నేనడిగేది ప్యాకింగ్ అయిపోయిన కార్టన్లు పేర్చే గదికి. పొడి చలి. అక్కడ కాలు తడిసేది చెమటతోనే.

ఆ చెమట దగ్గరే పాలిస్టర్ ఓడిపోతోందండి. రబ్బరు బూటులోంచి గాలి ఆడదు. పాలిస్టర్ నీటిని తనలోకి తీసుకోదు, ఆ తడి మేజోడుకీ కాలికీ మధ్యే ఉండిపోతుంది. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చినా చేతికి తడి తెలియదంటారు. మనిషికి రెండు జతలిచ్చి ఒకటి వేసుకుంటే ఒకటి కంప్రెసర్ల గదిలో ఆరబెట్టిస్తాను. అక్కడ ఏడాది పొడుగునా వెచ్చగా పొడిగానే ఉంటుంది.

పీచు (అంబాజీపేట)

కొబ్బరిపీచు ఫెల్ట్ వాడండి బాబూ, ఇంటి సరుకు. ఉన్ని కోసం రాజస్థాన్‌లో బికనీర్ దాకా దేనికి?

నమ్దా శిష్యుడు (రాజమండ్రి)

పీచుకి పొలుసు లేదండి. దాన్ని సూదులతో గుచ్చో, రబ్బరుపాలు పోసో నిలబెట్టాలి గానీ తనంతట తాను పట్టుకోదు. పరుపుకి బాగుంటుంది. కాలికి గరుకు.

లేసు పిన్ని (నరసాపురం)

మగవాళ్లంతా మగ్గం, ఒత్తుడు అని రెండే దారులు చూస్తున్నారు. మూడోది మా చేతిలో ఉంది. క్రోషే.

మా ఊరి చుట్టుపక్కల ఇంటింటా సూది పట్టే ఆడవాళ్లున్నారు. లేసుకి సన్న సూది, నూలు దారం. దీనికి లావుసూది, ఉన్ని దారం, చెయ్యి అదే. బొటనవేలి దగ్గర మొదలెట్టి గుండ్రంగా అల్లుకుంటూ వస్తే మడమ దగ్గర తిప్పుకోవచ్చు, పిక్క దాకా తీసుకుపోవచ్చు. ఎక్కడా కుట్టు పడదు. ఈడ్పు తీసుకోడానికి దారం ఉంది, బండారులంకాయనకి కావలసింది అదేగా. కుట్టు లేదు, రాజమండ్రాయనకి కావలసింది అది. అల్లినది ఏనుగు కాలికి సరిపోయేంత ఉంటుంది, వేడినీళ్లలో పడ్డాక మనిషి కాలికి దిగుతుంది. ఒక్కటే షరతు. ముందు జానెడు ముక్క అల్లి, కొలిచి, తొక్కి, మళ్లీ కొలవాలి. పొడుగూ వెడల్పూ ఒకేలా తగ్గవు. ఆ కొలత లేకుండా వంద జతలకి బేరం ఒప్పుకుంటే దారం డబ్బులు కూడా రావు.

కూలి మాత్రం జతకి ఇంతని ముందే చెప్పాలి. మధ్యలో ఏజెంటుని పెట్టి, సరుకు పోయాక ఇస్తాననే బేరాలు మాకు బాగా అనుభవం.

తివాచీ (ఏలూరు)

మాది తివాచీలు నేసే ఇల్లు. దారం గురించి రెండు మాటలు.

బజారులో స్వెట్టర్ ఉలెన్ అని అమ్మే ఉండల్లో చాలావరకు అక్రిలిక్. దాన్ని రాత్రంతా తొక్కినా కుదించుకోదు. చిన్న పోగు తెంపి అగ్గిపుల్ల చూపించండి. ఉన్నయితే వెంట్రుక కాలిన కంపు, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. అక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసవుతుంది. ఈ పరీక్షకి కూడా దొరకనిది ఇంకోటుంది. మెషీన్లో ఉతికినా కుదించుకోకుండా క్లోరిన్‌తో పొలుసులు అరగ్గొట్టి, పైన పూత పూసిన ఉన్ని. కాలిస్తే ఉన్నే, తొక్కితే పట్టదు. పిన్నిగారు చెప్పిన జానెడు ముక్క దాన్నే పట్టిస్తుంది.

సబ్బు విషయంలో జాగ్రత్త. గట్టిగా నురగ రావాలని కాస్టిక్ సోడా వేసేవాళ్లని చూశాను. మరిగే కాస్టిక్ నీళ్లలో ఉన్ని కరిగే పోతుంది, మిగిలిందీ చేత్తో లాగితే వస్తుంది. మామూలు బట్టలసబ్బు తురుము చాలు. నీళ్లు చెయ్యి పెట్టగలిగినంత వేడి, బట్ట మునిగేటంత కాదు, తడిసి జారేటంత. నీళ్లెక్కువైతే బట్ట తేలుతుంది, వెంట్రుక మీద నలుగుడు పడదు.

అసలు మీరందరూ గట్టిదనం, గట్టిదనం అంటున్నారు. కాలిని కాపాడేది ఉన్నిలో చిక్కుకున్న గాలండి. ఎంత తొక్కితే అంత గట్టి, అంత తక్కువ గాలి. చెక్కలా అయ్యేదాకా తొక్కారనుకోండి, చిరగదు, చలీ ఆగదు. వేలితో నొక్కితే దిగి మళ్లీ పైకి రావాలి, కత్తిరించిన అంచున దారం ఊడకూడదు. ఈ రెండూ కలిసిన చోట ఆపేయాలి.

లెక్కల మాస్టారు (తణుకు)

పొడిగదికైతే ఉతుకుడు అభ్యంతరం వదిలేస్తాను. ధర అభ్యంతరం వదలను. ఉన్ని జత పాలిస్టర్ జతకంటే ఎన్ని రెట్లు పడుతుందో, అన్ని రెట్లు మన్నుతుందా?

అచ్చూ కండే (బండారులంక)

మన్నడానికేనండి నేత అంటున్నది. పిన్నిగారి అల్లిక పాదానికి బాగుంటుంది, కాదనను. కానీ వంద మందికి రెండేసి జతలు చేత్తో అల్లడానికి ఎన్నాళ్లు పడుతుంది? మగ్గం మీద బట్ట బారలుగా వస్తుంది. కుట్టు ఒరుసుకుంటుందంటే అంచులు ఒకదానిమీదొకటి వేయకుండా ఎదురెదురుగా ఆనించి కుట్టండి. కుట్టాక ఇంకోసారి కాసేపు తొక్కితే కుట్టు ఉన్నిలో కలిసిపోతుంది.

నమ్దా శిష్యుడు (రాజమండ్రి)

మడమ ఈడ్పు సంగతి ఒప్పుకుంటాను. అరికాలు సంగతి మీరు ఒప్పుకోండి మరి. చలి కింది నుంచి వస్తుంది, గచ్చు నుంచి. మీ నేతబట్ట ఎంత తొక్కినా దళసరి కొద్దిమిల్లీమీటర్లే. నేను ఒత్తి ఇచ్చే అరికాలి ముక్క దానికి రెండు మూడింతలుంటుంది. అక్కడ లాగుడు లేదు, నొక్కుడే. పైగా ఎలా కోసినా పోగు ఊడదు, కాబట్టి ఏ సైజుకి ఆ సైజు కత్తెరతో కోసి పడేయొచ్చు. అణిగిందంటే అదొక్కటే మార్చుకుంటారు, మేజోడు మొత్తం పారేయక్కర్లేదు. మాస్టారి రెట్ల లెక్క కూడా అక్కడే తగ్గుతుంది.

చల్లగది సూపర్‌వైజరు (భీమవరం)

ఈ మాట మా బావమరిదికి చూపించాను, గెలిచానంటున్నాడు. పై బట్ట నేతే కదా అంటే వినడు.

నేను చేయబోయేది ఇదండి. పై మేజోడు కొన్ని బండారులంక బట్టతో, కొన్ని పిన్నిగారి దగ్గర అల్లించి, రెండు రకాలకీ ఒకే నూలు. అరికాలికి ఒత్తిన ముక్క, విడిగా. ఒకే షిఫ్టు కుర్రాళ్లకి ఎడమకాలికి ఒకటి, కుడికాలికి ఒకటి వేయిస్తాను. మడమ ఏది ముందు పోతుందో వాళ్లే చెబుతారు. పిన్నీ, కూలి జతకి ముందుగానే, నా చేత్తో.

ఒక్కటే సందేహం. బికనీర్ నుంచి ఉన్ని బేలు వస్తే ఏలూరులో దింపించనా, ఇక్కడికే తెప్పించనా?

తివాచీ (ఏలూరు)

ఏలూరులోనే దింపించండి. బేలు అలాగే గొడౌన్లో పడేస్తే వర్షాలు పట్టేలోగా చిమ్మట పడుతుంది. ఇక్కడ డాబా మీద విప్పి, రెండు మంచి ఎండలు చూపించి, ముల్లూ మట్టీ ఏరించి పంపిస్తాం. కడగడం మాత్రం గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి తీయడమే, పిండొద్దు, కలపొద్దు. అక్కడే చిక్కుపడిందంటే మరి ఏకడానికి రాదు.

లేసు పిన్ని (నరసాపురం)

జానెడు ముక్కకి సరిపడా దారం ముందు పంపండి బాబూ. బేలు తరవాత దింపుకోవచ్చు.