కాశీ సందుల్లో ఒక్కదాన్నే నడవాలని ఉంది, దారి తప్పితే ఎలా?

ఖమ్మం ఆడపడుచు:
కార్తీకంలో అమ్మను కాశీకి తీసుకెళ్తున్నాను. తొమ్మిది నిద్రలు చేయాలని ఆవిడ కోరిక. మానసరోవర్ ఘాట్ దగ్గర్లో సత్రం దొరికింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, భోజనం చేశాక పడుకుంటుంది. ఆ రెండు మూడు గంటలు నావి. ఇన్నేళ్లలో ఏ ఊళ్లోనూ ఒక్కదాన్నే తిరగలేదు, ఈసారి తిరగాలని ఉంది. కానీ ఆ సందులు వీడియోలో చూస్తేనే టెన్షన్. హిందీ అంతంతమాత్రం. ఎటు వెళ్లమంటారు?

గోదారి గట్టు:
అక్కా, నాన్న అస్థికలు కలపడానికి వెళ్లి, ఆ పని అయ్యాక నాలుగు రోజులు ఒక్కడినే తిరిగాను. ఆ ఇరుకులో ఫోన్ మ్యాప్ నన్ను చాలాసార్లు తిప్పలు పెట్టింది. గంగనే నమ్ముకోండి. అక్కడ గంగ ఉత్తరానికి పారుతుంది, ఘాట్లన్నీ పడమటి ఒడ్డునే. మెట్ల మీద నడుస్తుంటే నీళ్లు కుడిచేతి వైపుంటే దశాశ్వమేధానికి, ఎడమవైపుంటే అస్సీకి పోతున్నట్టు. ఘాట్ల పేర్లు గోడల మీద పెద్దక్షరాలతో రాసి ఉంటాయి. సందులో తప్పిపోతే పల్లం పట్టుకుని దిగండి.

మొదటి రోజు కేదార్ ఘాట్ దాకా చాలు, ఎర్ర తెల్ల చారల గుడి దూరం నుంచే కనిపిస్తుంది. మధ్యలో చౌకీ ఘాట్ మెట్లపైన పెద్ద రావిచెట్టు, మొదట్లో నాగరాళ్లు. ఒక ముసలామె రాయి రాయికీ చెంబుతో నీళ్లు పోసి, కొంగుతో తుడిచి, బొట్టు పెడుతోంది. ఒక్క రాయినీ వదల్లేదు. అమ్మ గుర్తొచ్చి అక్కడే కూర్చుండిపోయాను.

నిజామాబాద్ టీచర్:
చితులు కాలే మణికర్ణిక ఘాట్ వైపు వెళ్తే ఫోన్ బయటికి తీయకండి, అవి ఒకరింటి కన్నీళ్లు. కట్టెలకు దానం ఇమ్మని ఎవరైనా వెంటపడితే ఆగకుండా నడవండి. నేను ఆగి 500 ఇచ్చాను, ఇంకా కావాలని గట్టిగా అడిగేసరికి కాళ్లు వణికాయి. దశాశ్వమేధం నుంచి వెనక్కి బెంగాలీ టోలా సందులో రండి. గంగ పక్కగానే సాగుతుంది, దుకాణాలతో సందడిగా ఉంటుంది. బైకులతో మాత్రం జాగ్రత్త.

ఖమ్మం ఆడపడుచు:
నిన్ననే తిరిగొచ్చాం. ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మూడో రోజు నిజంగానే తప్పిపోయాను. ఒక ఆవు సందంతా అడ్డంగా పడుకుంటే పక్క సందులోకి తిరిగాను, ఆ తర్వాత ఏ మలుపూ గుర్తులేదు. గుండె దడదడలాడింది. పల్లం మాట గుర్తొచ్చి దిగుతూ పోతే, రెండు మలుపుల తర్వాత గోడల మధ్య చీర అంచంత వెడల్పున నీళ్లు కనిపించాయి. అక్కడే మెట్టు మీద కూర్చుని ఊపిరి పీల్చుకున్నాను. మర్నాడు ఇంకా దూరం వెళ్లాను.

ఆఖరి రోజు సాయంత్రం అమ్మని చేయి పట్టుకుని చౌకీ ఘాట్ రావిచెట్టు దాకా నేనే నడిపించాను. మెట్టు మెట్టుకీ ఆగుతూ వెళ్తే నలభై నిమిషాలు పట్టింది. అప్పటికి వెదురు గెడల మీద ఆకాశదీపాలు పెట్టేశారు.