ఆడ ల్యాబ్ (లాబ్రడార్ కుక్క)కి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్: ఇప్పుడా, ఒక్క కాన్పు అయ్యాకా?

నాచారం_కోడలు: మా ల్యాబ్‌కి 10 నెలలు. దసరాకి మొదటిసారి హీట్‌కొచ్చింది (ఎదకొచ్చింది). రెండు మూడు నెలలాగి ఆపరేషన్ చేయించమన్నారు డాక్టర్‌గారు. మా అత్తగారేమో "ఒక్కసారైనా తల్లి కానివ్వకుండా కోత పెట్టిస్తారా, పాపం" అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

తార్నాక_అక్క: ఆలోచించకుండా చేయించండి. గర్భసంచి ఉన్నన్నాళ్ళూ పయోమెట్రా భయమే. హీట్ అయిన నెలా రెండు నెలలకి లోపల చీము పట్టేయొచ్చు.

గోల్డీ_నాన్న: ఆలోచించకుండా అనుడే తప్పు అక్కా. మా గోల్డెన్ రిట్రీవర్‌కి ఆరు నెలలకే చేయించినం. మూడేళ్ళు నిండకముందే తుంటి పోయింది. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. 32 కిలోల కుక్కని రోజూ రెండుపూటలా ఎత్తుకొని దిగుతున్న. కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ వాళ్ళు 2013లనే చెప్పిన్రు: ఏడాదిలోపు చేయించిన మగ గోల్డెన్లకి తుంటి జబ్బు రెట్టింపు.

తార్నాక_అక్క: మీది మగ గోల్డెన్. ఆవిడది ఆడ ల్యాబ్. ఇక్కడ ఆరు నెలలని ఎవరన్నారు? మొదటి హీట్‌కి ముందే చేయిస్తే రొమ్ము గడ్డలు దాదాపు రావు, అది చెప్పరేం?

గోల్డీ_నాన్న: ఆమె కుక్కకి హీట్ వచ్చిపోయింది. ఆ లెక్క ఇంక ఎట్ల పనికొస్తది? ల్యాబ్ కూడా పెద్ద జాతే.

ఉప్పల్_చిన్నా: జీహెచ్ఎంసీ వాళ్ళు మా గల్లీ కుక్కలకి ఆపరేషన్ చేసి, చెవి కొస కత్తిరించి మళ్ళ ఇక్కడనే వదిలిన్రు. మంచిగనే ఉరుకుతున్నయ్.

గోల్డీ_నాన్న: గల్లీ కుక్కతోటి పోలికేంది? అక్కా, ఇంత చెప్తున్నరు, మీ కుక్కకి ఎన్నో నెలల చేయించిన్రు?

తార్నాక_అక్క: చేయించలేదు. ఒక్క కాన్పు చూద్దామనే ఆగాను. సంబంధం కుదరలేదు, ఏడేళ్ళు గడిచిపోయాయి. ఆ వేసవిలో గిన్నెడు నీళ్ళు పోస్తే నిమిషాల్లో ఖాళీ చేసి మళ్ళీ నా మొహం చూసేది. ఎండలు కదా అనుకున్నా. మూడోరోజు పడుకున్న గోనెపట్టా మీద చీము మరక. రాత్రికి రాత్రి కోశారు. తెల్లారేసరికి లేదు. ఆ సిల్వర్ గిన్నె ఇంకా బాల్కనీలోనే ఉంది, తీయలేకపోతున్నా.

గోల్డీ_నాన్న: తెల్వక అడిగిన, మాఫ్ చెయ్యి అక్కా. నేను ఆపరేషనే వద్దంటలేను. ఇంకొన్నాళ్ళు ఆగొచ్చని మాకెవ్వరూ చెప్పలె. సంతకం పెట్టుమన్నరు, పెట్టిన. నా కోపమంతా దాని మీదనే.

తార్నాక_అక్క: నాకు "ఒక్క కాన్పు" అనే మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. ఏ వయసులో చేయించాలో డాక్టర్‌తో తేల్చుకోండి, నేనేం అడ్డం చెప్పను. పిల్లల కోసం మాత్రం ఆగకండి. పుట్టిన ఏడెనిమిదింటినీ ఎవరింట్లో పెడతారు?

నాచారం_కోడలు: అత్తగారికి చదివి వినిపించాను. నీళ్ళ గిన్నె దగ్గరకొచ్చేసరికి ఆపమన్నారు. శనివారం ఆవిడా ఆసుపత్రికి వస్తారట. కీళ్ళ సంగతి తనే అడుగుతానన్నారు.