పిన్ ఎవరికీ చెప్పొద్దంటే "నేను చెప్పట్లేదుగా" అంటున్నారు. ఎలా నేర్పాలి?

మిర్చియార్డు_కుర్రాడు:
గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్ చదువుతున్నా. ఎన్‌ఎస్‌ఎస్ స్పెషల్ క్యాంపు కింద ఏడు రోజులు ఒక ఊళ్లో ఉంటున్నాం. మా బ్యాచ్‌కి సైబర్ మోసాల మీద అవగాహన పని పడింది. మొదటి రోజు రామాలయం అరుగు మీద ప్రొజెక్టర్ పెట్టి ఫిషింగ్, మాల్వేర్, టూ ఫ్యాక్టర్ అంటూ ఇరవై స్లైడ్లు తిప్పాం. పొద్దున పదింటికి పెట్టడం మా తెలివితక్కువతనం. ఊరంతా మిరప కోతల్లో ఉంది. వచ్చింది పద్నాలుగు మంది, అందులో ఆరుగురు బడి పిల్లలు. చివర్లో ఒక మామ్మ లేచి, "అంతా బానే చెప్పావు గానీ బాబూ, పోయిన నెల నా వేలు మిషన్లో పడలేదు, దానికేం చెయ్యాలి?" అంది. దానికి నా దగ్గర స్లైడు లేదు.

రెండో రోజు సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాం. ఆ మామ్మ ఫోను చూస్తే పౌచ్ వెనకాల మడతపెట్టిన బస్సు టికెట్టు, దాని మీద యూపీఐ పిన్. మనవడు రాసిపెట్టి హైదరాబాద్ వెళ్లిపోయాడట. షాపుకెళ్లి ఫోను తిప్పి ఇస్తుంది, కుర్రాడు చూసి కొట్టుకుంటాడు. "పిన్ ఎవరికీ చెప్పకూడదు మామ్మా" అన్నాను. "నేను చెప్పట్లేదుగా, వాడే చూసుకుంటున్నాడు" అంది.

ఇంకా ఐదు రోజులుంది. ఏం చెప్పాలో అర్థం కావట్లేదు. మా సీనియర్ ఒకడు అందరికీ ఆధార్ బయోమెట్రిక్ లాక్ (వేలిముద్ర ఎక్కడా పనిచెయ్యకుండా ఆపడం) చేసేద్దాం అంటున్నాడు. మంచిదేనా?

సీఎస్‌పీ_పాయింట్:
దండం పెడతా తమ్ముడూ, ఆ పని మాత్రం చెయ్యొద్దు. లాక్ చేస్తే వేలు పెట్టిన ప్రతిచోటా 330 ఎర్రర్ వస్తుంది. ఒకటో తారీకు పెన్షన్, రేషన్, నా బ్యాంకు సర్వీస్ పాయింట్లో వేలు పెట్టి డబ్బు తీసుకోవడం, అన్నీ ఆగుతాయి. అన్‌లాక్‌కి ఆధార్‌కి లింకైన నంబరుకి ఓటీపీ వెళ్తుంది. ఆ నంబరు ఎప్పుడో పోయిన సిమ్ అయి ఉంటుంది. మీరు క్యాంపు ముగించుకుని వెళ్లిపోతారు, వాళ్లొచ్చి నా బల్ల ముందు కూర్చుంటారు. అడిగి చేయించుకునేవాళ్లకి, అన్‌లాక్ చెయ్యడం వచ్చినవాళ్లకి అది మంచిదే.

వేలిముద్ర విషయంలో ఒకటే నేర్పండి: వేలు పెట్టిన ప్రతిసారీ స్లిప్పు అడగాలి. "పడలేదు, మళ్లీ పెట్టు" అంటే ఆ ఫెయిలైన స్లిప్పు చూపించాకే రెండోసారి పెట్టాలి. మామ్మకి వేలి గీతలు అరిగి ఉంటాయి. బండి మీద ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించు, నీ ఇరవై స్లైడ్లకంటే నయం.

షాపు సంగతికి యూపీఐ లైట్ పెట్టించు. ఒక్కో చెల్లింపు 1,000 దాకా పిన్ అడగదు, అందులో మొత్తం 5,000 మించి ఉంచలేరు. ఆవిడకి అందులో 500 వేసిపెట్టు. పోతే ఆ 500 పోతుంది, అకౌంట్ ఖాళీ కాదు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు:
బాబూ, చదువు రానివాళ్లకే చెప్పాలనుకోకు. మా బోటివాళ్ల ఇళ్లకీ వెళ్లు.

నిరుడు ఒక మధ్యాహ్నం నాకు ఫోను. నా పేరు మీద పార్సిల్ దొరికిందట, అందులో డ్రగ్స్. తర్వాత వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్నవాడు వచ్చి, గది తలుపు వేసుకోండి, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు అన్నాడు. ఇలా వీడియో కాల్‌లో కట్టిపడేసే "డిజిటల్ అరెస్ట్" అనేది చట్టంలో లేదని 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు. అది నేను విన్నాను. విని కూడా రెండు గంటలు కుర్చీలోంచి లేవలేదు. ఎఫ్‌డీ రద్దు చేయించడానికి బ్యాంకుకి బయల్దేరుతుంటే మా ఆవిడ, "చొక్కా తిరగేసి వేసుకున్నారేంటండీ" అని ఆపింది. ఆ మాటకి అక్కడే ఏడ్చేశాను. డబ్బు మిగిలింది.

తెలియక కాదు, భయంతో పోతుంది. అందుకని జనానికి పట్టుకోడానికి ఒక్క మాట ఇవ్వు: "ఎవరికీ చెప్పొద్దు" అన్నాడంటే వాడు దొంగ, వెంటనే ఇంట్లో ఒకరిని గట్టిగా పిలువు.

ఓరుగల్లు_2022బ్యాచ్:
మాస్టారు చెప్పింది నిజం. మేము క్యాంపులో స్లైడ్లు మానేసి నాటకం ఆడాం. ముందే ఇంటివాళ్ల ఒప్పుకోలు తీసుకుని, మావాడు పక్క గదిలోంచి ఫోన్ చేసి బెదిరిస్తాడు. అందరూ నవ్వుతారు, తర్వాత "మాకూ ఇట్లనే వచ్చింది" అని ఒక్కొక్కరే నోరు విప్పుతారు. డబ్బు పోగొట్టుకున్న ఒకామె మాత్రం అందరూ వెళ్లాక వచ్చి చెప్పింది. అందుకే చివర్లో కాసేపు ఊరికే కూర్చోండి.

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930ని గ్యాస్ బుక్ అట్ట మీద మార్కర్‌తో రాయండి. కానీ నంబరొక్కటే చాలదు. ఫోన్ చేస్తే ఏ బ్యాంకు, ఎంత, ఎన్నింటికి, లావాదేవీ నంబరెంత అని అడుగుతారు. ఆ 12 అంకెల యూటీఆర్ ఫోన్‌లో ఎక్కడుంటుందో వెతికించండి. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకోదానికి నిమిషాల్లో మారిపోతుంది, వెతుక్కునే టైం ఉండదు.

ఇంకొకటి, పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (నొక్కితే దొంగ యాప్ ఎక్కేవి) వస్తాయి. సెట్టింగ్స్‌లో వాట్సాప్‌కి "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" ఆఫ్ చేసి రండి.

మిర్చియార్డు_కుర్రాడు:
ప్రొజెక్టర్ కాలేజీకి పంపేశాం. ఇప్పుడు రాత్రి ఏడున్నరకి, కోతల నుంచి వచ్చి స్నానాలయ్యాక, వీధికో అరుగు. నిన్న నాటకంలో దొంగ పోలీసు నేనే. ఒక పెద్దాయన నిజంగానే చెప్పు తీశాడు.

మామ్మకి లైట్‌లో 500 వేశాం. పాత పిన్ ఊరికంతా తెలుసు కాబట్టి మార్చాలన్నాం. ఆవిడకి అక్షరాలు రావు గానీ అంకెలు తెలుసు. కొత్తది నేను చూడకూడదు కాబట్టి గోడ వైపు తిరిగి నిలబడ్డా. కాసేపటికి వెనక నుంచి వీధంతా వినపడేలా కేక: "బాబూ, ఆరు ఎక్కడుందీ?"

మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాం.