గేటు నుంచి గుమ్మం దాకా బాట మార్చుకోవాలి, అసోసియేషన్ ఒప్పుకోవడం లేదు

వాకిలి
మాది తెల్లాపూర్ వైపు విల్లా. గేటు నుంచి గుమ్మానికి 18 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బాట ఉంది. బిల్డరు అక్కడ నున్నగా పాలిష్ చేసిన బూడిదరంగు గ్రానైటు పరిచాడు. ఎండాకాలం కాళ్లు కాలుతాయి, వానాకాలం జారుతుంది. ఆగస్టులో మా అత్తయ్య పాలప్యాకెట్ తేవడానికి వెళ్లి జారిపడ్డారు. మణికట్టు విరిగింది. పైగా మెట్టు దగ్గర నీళ్లు నిలిచి రెండు రోజులకు గానీ ఇంకవు. గరుకు బండలు వేయించుకుంటామని మా విల్లాల అసోసియేషన్‌కు రాస్తే, "ముఖభాగంలో రంగు, మట్టం, వస్తువు మార్చరాదు" అని రెండు ముక్కల జవాబు వచ్చింది. ఇలాంటి చోట అనుమతి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

రాత్రిపూట వేసేశాం
అడిగితే ఎవరూ ఇవ్వరు. శనివారం రాత్రి మొదలుపెట్టి సోమవారం తెల్లారేసరికి పూర్తి చేయండి. వేసిన బండ ఎవరూ పీకరు.

మాజీ కార్యదర్శి
పీకిస్తారండీ. నేను రెండేళ్లు కార్యదర్శిగా చేశాను, ఒకరిది పీకించాను కూడా. ఆయన గేటు లోపలి భాగమంతా అరడుగు ఎత్తు లేపారు. ఆ ఏడు పెద్ద వానకు నీళ్లన్నీ పక్కింటి కారు కిందికి, అక్కడి నుంచి వాళ్ల హాల్లోకి వెళ్లాయి. అర్ధరాత్రి బకెట్లతో ఎత్తిపోసింది మేమే. "మట్టం మార్చరాదు" అన్న మాట మా నిబంధనల్లోకి వచ్చింది ఆ మర్నాడే.

వాకిలి గారూ, ముందుగా ఆ నిబంధన పూర్తి పాఠం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఉత్తరంలో రాసే మాట వేరు, బైలాస్ అనే ఉపవిధుల్లో ఉండే మాట వేరు. చాలాచోట్ల అసలు వాక్యం "వీధి నుంచి కనిపించే రూపం" గురించే ఉంటుంది. అప్పుడు మీ దరఖాస్తు కూడా దానికి తగ్గట్టు రాయాలి. చేతితో గీసిన పటం చాలు. పాత మట్టం, కొత్త మట్టం, నీళ్లు ఎటు పోతాయో బాణం గుర్తు, పని ఎన్ని రోజులు, మట్టి ఎక్కడ పోస్తారు అన్నీ చూపించండి. బండ ముక్క ఒకటి వెంట తీసుకెళ్లండి. కమిటీలో అందరూ దాన్ని చేత్తో తడిమి చూస్తారు. ఫొటో చూపిస్తే మాత్రం ఆరుగురూ ఆరు రంగులు ఊహించుకుంటారు. అత్తయ్యగారి ఆస్పత్రి కాగితం నకలు కూడా జతచేయండి. నిబంధన వేరు, భద్రత వేరు. రెండో దానికి కాదనడం కమిటీకి కష్టం.

బండల మేస్త్రి కొడుకు
గ్రానైటు మందంగా ఉంటే తిరగలికి గంట్లు కొట్టినట్టు ఉలితో గరుకు చేయించవచ్చు. అప్పుడు వస్తువు కూడా మారదు. కానీ బిల్డర్లు పరిచేది ముప్పాతిక అంగుళం పలక, అడుగున సిమెంటు సరిగా అంటక డొల్లగా ఉంటుంది. రూపాయి బిళ్లతో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే ఉలి పెట్టొద్దు, పగులుతుంది.

తాండూరు బండే మేలు. తాండూరులో పసుపు బండా వస్తుంది, నీలం కలిసిన బూడిదరంగు బండా వస్తుంది. మీరు బూడిదరంగుది, పాలిష్ పట్టనిది తీసుకోండి. ఇప్పుడున్న గ్రానైటుకు దగ్గరగా ఉంటుంది, రంగు మారిందని ఎవరూ అనలేరు. అంగుళన్నర మందం అడగండి. ఏడు అంగుళాలు తవ్వించి, నాలుగు అంగుళాల కంకర పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టించి, అంగుళన్నర క్రషర్ పొడి (కంకర కొట్టేటప్పుడు వచ్చే రాతి పొడి), దానిపైన బండ. లెక్క సరిపోయింది, మట్టం మారలేదు.

వాలు పొడవునా ఇవ్వొద్దు. గుమ్మం దగ్గర, గేటు దగ్గర ఎత్తులు కదిలితే మళ్లీ గొడవ. అడ్డంగా ఇవ్వండి. నాలుగడుగుల వెడల్పులో గడ్డి వైపుకు ముప్పాతిక అంగుళం దిగితే చాలు, కంటికి ఆనదు, నీరు మాత్రం ఆగదు. ఇంకో మాట. తాండూరు బండ సున్నపురాయి. పనయ్యాక సిమెంటు మరకలు పోవాలని మేస్త్రి యాసిడ్ పోస్తానంటాడు, పోయనివ్వకండి. బుసబుస పొంగి పైపొర తినేస్తుంది.

డాలస్ ఎండ
మాది అమెరికాలో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో. ఇక్కడ కాలనీ సంఘానికి చెప్పకుండా గులకరాయి కూడా కదపలేం. మా బాట కథ వేరు. ఇక్కడి నేల అచ్చం మన నల్లరేగడే, వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఒకే పలకగా పోసిన కాంక్రీటు బాట మూడుచోట్ల విరిగి ఒక ముక్క పైకి లేచింది. కంకర మీద విడివిడి బండలు పరుస్తామంటే మొదట కాదన్నారు. టెక్సస్‌లో 2013లో వచ్చిన చట్టం ప్రకారం నీళ్లు తక్కువ అడిగే తోటలను సంఘాలు పూర్తిగా నిషేధించలేవు, నమూనా మాత్రం పరిశీలించవచ్చు. అందుకని బాట ఒక్కటే కాకుండా పచ్చిక తగ్గించి మొక్కలు, బండలు కలిపి ఒకే నమూనాగా ఇచ్చాం. తెల్ల గులకరాళ్లు వద్దన్నారు, గోధుమరంగువి ఒప్పుకున్నారు. అదే వీధిలో అంతకుముందు అనుమతి వచ్చిన ఇంటి ఫొటో జతచేయడం బాగా పనిచేసింది.

మిల్టన్ కీన్స్ మబ్బు
ఇంగ్లండులో రెండు గండాలు. ఒకటి ఇంటి దస్తావేజులోనే బిల్డరు రాసిపెట్టిన షరతులు. రెండోది ప్రభుత్వ నిబంధన: 2008 అక్టోబరు 1 నుంచి ఇంటి ముందు 5 చదరపు మీటర్లు దాటి నీరు ఇంకని పరుపు వేస్తే ప్రణాళికా అనుమతి కావాలి. ఆ నీటిని సొంత పచ్చికలోకో పూలపాదులోకో మళ్లిస్తే అక్కర్లేదు. మీ బాట ఆరున్నర చదరపు మీటర్లకు పైనే, ఇక్కడైతే దొరికిపోయేవారు!

నేను చేసిన తప్పు చెప్తాను. ఖర్చు తగ్గుతుందని పాత పలకల మీదే కొత్తవి వేయించాను. బాట 5 సెంటీమీటర్లు లేచింది. ఇక్కడి గోడల్లో అడుగున చెమ్మ ఆపే పొర ఒకటి ఉంటుంది. బయటి నేల దానికి కనీసం 150 మిల్లీమీటర్లు, అంటే రెండు ఇటుక వరుసలు, కిందుగా ఉండాలి. నాది ఒక్క వరుసే మిగిలింది. రెండు చలికాలాలు గడిచేసరికి హాల్లో గోడకాగితం ఊడివచ్చింది. మొత్తం పెకలించి మళ్లీ వేయించాను. ఖర్చు తగ్గుతుందని ఎవరెంత చెప్పినా వినకండి, పాతదాని మీద మాత్రం వేయించకండి.

మంగళగిరి మామిడి
మా కాలనీలో సిమెంటు దిమ్మెలకే అనుమతి. 60 మిల్లీమీటర్లవి వేశాం. నడకకు బాగున్నాయి, జారవు. కానీ మా అమ్మ నెల రోజులు అలిగింది. కళ్లాపి చల్లితే సందుల్లోకి పోతుంది, చుక్క పెడితే అతుకు మీద పడుతుంది. చివరికి గేటు లోపల మూడడుగుల కడప నల్లబండ ఒకటి దిమ్మెల మట్టానికి పరిపించాం. ముగ్గు దాని మీద తెల్లగా మెరుస్తుంది. అది వీధికి కనిపించదు కాబట్టి అడిగినవాళ్లు లేరు.

వాకిలి
నెలన్నర తర్వాత రాస్తున్నాను. అనుమతి వచ్చింది! ఉపవిధుల్లో "వస్తువు" అన్న మాటే లేదు, రంగు, మట్టం రెండే ఉన్నాయి. కార్యదర్శి గారు చెప్పినట్టు బండ ముక్క పట్టుకెళ్తే నిజంగానే అందరూ తడిమారు, ఒకాయన చెప్పు విప్పి నిలబడి కూడా చూశారు. షరతులు: నాలుగు రోజుల్లో ముగించాలి, మట్టి రోడ్డు మీద పోయకూడదు, బాట అంచున కుండీలు పెట్టకూడదు. ఆ చివరిది ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

తవ్వితే మెట్టు దగ్గర నీళ్లెందుకు నిలుస్తున్నాయో బయటపడింది. బిల్డరు మిగిలిన సిమెంటును అక్కడే పారబోసి పైన మట్టి కప్పాడు, గడ్డపారకు ఖంగుమని తగిలింది. అది తీయించడానికే ఒక పూట పట్టింది. అడ్డవాలు ఇచ్చాం. మొన్నటి వానకు నీళ్లన్నీ గడ్డిలోకి జారిపోయాయి. మంగళగిరి గారి మాట పట్టుకుని గేటు లోపల మేమూ ఒక కడప బండ వేయించాం, అత్తయ్య కట్టు విప్పిన చేత్తోనే దాని మీద ఐదు చుక్కల ముగ్గు పెట్టారు.

ఒకటే చిక్కు. బండల సందుల్లో పోసిన ఇసుకను చీమలు రోజూ కుప్పలుగా పైకి తెస్తున్నాయి.

బండల మేస్త్రి కొడుకు
ఇసుక గీకేసి, తొమ్మిది పాళ్లు క్రషర్ పొడికి ఒక పాలు సిమెంటు పొడిగానే కలిపి నింపండి. బండ మీద పడినదంతా చీపురుతో ఊడ్చాకే నీళ్లు చిలకరించాలి, లేకపోతే మరక ఉండిపోతుంది. వాన లేని రోజు చూసుకోండి.