సైకాలజీ, క్రిమినాలజీ కలిసిన డిగ్రీ: ఏది ముందు చదివించాలి?

ప్రశ్న (కావలి నుంచి ఒక తండ్రి):

మా అమ్మాయి ఈ సంవత్సరం బైపీసీతో ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. నీట్ రాయనని, మనస్తత్వశాస్త్రాన్ని నేరశాస్త్రంతో కలిపి చదువుతానని రెండేళ్లుగా ఒకే మాట మీద ఉంది. ఈ రెండూ పేరులోనే కలిసి ఉన్న డిగ్రీలో చేర్పించాలా, విడిగా సైకాలజీ చదివించాలా అన్నది మాకు తేలడం లేదు. వరి మీద వచ్చే రాబడితో చదివించవలసినవాణ్ని కనుక, మధ్యలో మానిపించి మరొకదానిలో చేర్పించే శక్తి నాకు లేదు. దూరవిద్య ద్వారా చదివించవచ్చునా అన్నది కూడా దయచేసి తెలుపగలరు.

సమాధానం (ఒంగోలు నుంచి, పిల్లల కౌన్సెలింగ్ పనిలో ఉన్న ఒకరు):

అయ్యా, డిగ్రీలో సైకాలజీయే ప్రధాన విషయంగా ఉండాలని, నేరశాస్త్రం అనుబంధ విషయం (మైనరు)గానో, పీజీలోనో రావాలని నా గట్టి అభిప్రాయం.

కారణం చెబుతాను. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వయసున్న బాలుడిపై ఘోరమైన నేరారోపణ వచ్చినప్పుడు, ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం అతనికి ఉన్నదా, దాని పర్యవసానం అతనికి తెలుసా అన్నది బాలలపై వచ్చే నేరారోపణలను విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా అంచనా వేయాలని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 15వ సెక్షను చెబుతోంది. బోర్డు సభ్యులలో బాలల మనస్తత్వశాస్త్రంలోగానీ మనోవైద్యంలోగానీ డిగ్రీ ఉండి ఆ వృత్తిలో ఉన్నవారు లేకపోతే నిపుణుల సహాయం తప్పనిసరిగా తీసుకోవాలని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. అంటే ఒక పిల్లవాడిని పెద్దవాడిగా విచారించాలా వద్దా అని తేల్చే చోట కావలసింది మనసును పరీక్షించడం నేర్చుకున్న మనిషి. నేరశాస్త్రం ఒక్కటే చదివినవారికి ఆ పరీక్షలు చేసే శిక్షణ ఉండదు. అమ్మాయి ముందు ముందు క్లినికల్ సైకాలజిస్టు కాదలచినా, 1992 చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. దానికి పునాది సైకాలజీయే.

ఇంకొక జాగ్రత్త. ఫోరెన్సిక్ సైన్సు డిగ్రీ వేరు. అందులో రసాయన, జీవశాస్త్ర పరీక్షలే ఎక్కువ. బైపీసీ చదివిన పిల్లలు దానినీ నేరశాస్త్రాన్నీ ఒకటే అనుకుని చేరడం నేను చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. నార్కో పరీక్షలు, లై డిటెక్టరు చూపించి ఆశ పెట్టే ప్రకటనలకు కూడా లొంగవద్దు. వ్యక్తి అంగీకారం లేకుండా అటువంటి పరీక్షలు జరపరాదని సెల్వి కేసులో సుప్రీంకోర్టు 2010లోనే తీర్పు ఇచ్చింది.

పీజీ విషయానికి వస్తే, సైకాలజీకి తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయాలు, క్రిమినాలజీకి మద్రాసు విశ్వవిద్యాలయం, తిరునెల్వేలిలోని మనోన్మణియం సుందరనార్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. కావలి నుంచి చెన్నైకి నేరుగా రైళ్లు ఉన్నాయి కనుక ఆడపిల్ల ఒంటరిగా వెళ్లి రావడం కష్టం కాదు. రెండు శాస్త్రాలూ నిజంగా కలిసే ఫోరెన్సిక్ సైకాలజీ పీజీ గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఉంది. గుజరాత్ ప్రభుత్వం నెలకొల్పిన ఆ సంస్థ 2020లో జాతీయ విశ్వవిద్యాలయమైంది.

దూరవిద్య వద్దు. సైకాలజీతో సహా ఆరోగ్య సంబంధమైన కోర్సులను 2025 జూలై–ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపరాదని యూజీసీ విశ్వవిద్యాలయాలను ఆదేశించింది.

మరొక సభ్యురాలు (నెల్లూరు నుంచి):

అన్నయ్య గారూ, అమ్మాయి ఎప్పటికైనా బ్రిటన్ వెళ్లే ఆలోచనలో ఉంటే ఒక మాట. అక్కడ సైకాలజీతో క్రిమినాలజీ కలిపిన డిగ్రీలు చాలానే ఉన్నాయి గానీ, వాటిలో అక్కడి మనస్తత్వవేత్తల సంఘమైన బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉన్నదానినే ఎంచుకోవాలి. అక్కడ ‘ఫోరెన్సిక్ సైకాలజిస్టు’ అన్న పేరుకు చట్టరక్షణ ఉన్నది. నమోదు లేనివారు దానిని వాడుకోరాదు.

కావలి తండ్రి:

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. పేరులో రెండూ ఉన్న ఆ కోర్సులో చేర్పించాలంటే కాలేజీ వారిని ఏమి అడగాలి?

ఒంగోలు సభ్యుడు:

మొత్తం సెమిస్టర్ల పాఠ్యప్రణాళిక కాగితం మీద ఇమ్మనండి. అందులో సైకాలజీ పేపర్లు సగానికి పైగా ఉన్నాయో లేదో, స్టాటిస్టిక్స్, ప్రయోగశాల పని ఉన్నాయో లేదో అమ్మాయినే లెక్కపెట్టమనండి. ఈ డిగ్రీతో సైకాలజీ పీజీలో సీటు ఇస్తారా అని ఆ పీజీ నడిపే విశ్వవిద్యాలయాన్నే అడగండి. ఆ జవాబు చేతికి వచ్చిన తరువాతే ఫీజు కట్టండి.