అప్‌డేట్: కొత్త వాషర్ వేసినా కారిన వంటింటి కుళాయి, అసలు లోపం సీటులోనే

సింకు కుళాయిని ఎంత గట్టిగా కట్టినా చుక్కలు పడుతూనే ఉన్నాయనీ, కొత్త వాషర్ వేసిన రెండు రోజులకే మళ్లీ మొదలైందనీ లోగడ ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. కారడం ఇప్పుడు పూర్తిగా ఆగిపోయింది. వాషర్ కూర్చునే ఇత్తడి సీటును పరీక్షించమన్న సలహాయే సరైనదని తేలింది.

సింకు కింది వాల్వు కట్టేసి, స్పిండిల్ (పిడి తిప్పితే వాషర్‌ను సీటుపై నొక్కే కడ్డీ) విప్పి, టార్చి వేసి చూస్తే మొదట నాకేమీ కనిపించలేదు గాని, చిటికెనవేలిని సీటు అంచు వెంట తిప్పినప్పుడు ఒకచోట గోరు తట్టుకునేంత గాడి తగిలింది. తీసిన వాషర్‌ను తిరగేస్తే, కొత్తదే అయినా, రబ్బరుపై అప్పటికే కోత పడి ఉంది. అంటే నేను బలం కొద్దీ బిగించినప్పుడల్లా ఆ గరుకు అంచు రబ్బరును కొరుకుతూ వచ్చిందన్నమాట. ప్లంబరు సీటును అరగదీసే చిన్న చేతి పరికరాన్ని నాలుగైదు చుట్లు తిప్పి, ఇత్తడి పొడి పోయేలా నీళ్లు వదిలి, మరో వాషర్ వేశారు. మూడు వారాలుగా ఒక్క చుక్క కూడా పడలేదు.

టెఫ్లాన్ టేపుకు దీనితో సంబంధం లేదు, అది పైపులు బిగించే మరచుట్ల దగ్గర కారితేనే పనికొస్తుంది. పిడి దగ్గర తడి లేదు కనుక అక్కడ నీరు కారకుండా ఆపే రబ్బరు వలయాన్ని, అంటే ఓ-రింగును, మార్చడమూ వృథాయే. నీటి ఒత్తిడిపై నేను పెట్టుకున్న అనుమానం కూడా తప్పే. ఒకే పిడితో వేడినీళ్లూ చన్నీళ్లూ వచ్చే కుళాయిలలో సాధారణంగా ఇలాంటి వాషర్ ఉండదు, వాటిలో కార్ట్రిడ్జ్‌ను (నీళ్లను వదిలి ఆపే లోపలి భాగాన్ని) చూడాలి. విప్పే ముందు సింకు రంధ్రాన్ని గుడ్డతో మూయండి; నా స్క్రూ ఒకటి అందులోకే పోయింది.